బడికి వెళ్ళిన ఇసుక బస్తాలు

పడవ చార్జీ పది రూపాయలు చేశారని తెలిస్తే "పది రూపాయలేగా" అని పెదవి విరిచింది నువ్వే కదూ? నీ జేబులోంచి చూస్తే పది రూపాయలు చిన్నవే. నువ్వు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటావు. స్టేజీ దగ్గర ఓ తల్లి కండక్టరును ఏదో అడుగుతుంది. అతను చెప్పింది విని, పిల్లను రెక్క పట్టుకుని వెనక్కి లాక్కుని, బస్సును పోనిస్తుంది. నువ్వు అదంతా చూస్తావు. చూసి తల తిప్పుకుంటావు. ఆ పిల్ల ఎక్కడికి పోవాల్సింది, ఎందుకు ఆగిపోయింది అని ఒక్కనాడైనా అడిగావా? అడగలేదు. ముందు సిగ్గుపడు. సిగ్గుపడ్డాక కూర్చుని ఈ కథ విను.

గోదావరి నడుమ గువ్వల్లంక అనే ఊళ్ళో, ఎదుటి మనిషిలో చార్జీ తప్ప మరేమీ కనిపించని కోటిలింగం అనే ఆసామీ ఉండేవాడు.

గువ్వల్లంకకు నాలుగు వైపులా నీళ్ళే. వంతెన లేదు. రెండు వందల గడప. ఊళ్ళో ఒకప్పుడు బడి ఉండేది. ఒక వరదకు గట్టు కోసుకుపోయి, గోడలూ నల్లబల్లా గోదాట్లో కలిసిపోయాయి. అప్పటినుంచి పిల్లలు అవతలి ఒడ్డున ఉన్న పెదరేవు బడికి పడవలో వెళ్ళేవారు. శీతాకాలం పొద్దున్నే ఏటి మీద మంచు దిగేది. ఏది నీరో ఏది ఆకాశమో తెలిసేది కాదు. పడవ రేవు వదిలి పది బారలు పోగానే మాయమయ్యేది. పడవ కనిపించకపోయినా, అందులో పిల్లలు చదివే ఎక్కాలు మాత్రం వినిపించేవి. రెండో ఎక్కం, మూడో ఎక్కం నీళ్ళ మీద తేలుతూ వచ్చి అరటి తోటల్లో దూరేవి. పాదుల్లో పని చేసుకునే ఆడవాళ్ళు చెయ్యి ఆపి వినేవారు. "ఏడోదాకా వచ్చారు. పడవ నడిమేటికి చేరింది" అనుకునేవారు. పన్నెండో ఎక్కం అయిపోయిందంటే పిల్లలు క్షేమంగా ఒడ్డు దిగినట్టు. అప్పుడు మళ్ళీ పనిలో పడేవారు.

ఆ ఎక్కాలు మొదలుపెట్టేది మాణిక్యం. తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి. ఆమె తల్లి మరిడమ్మ. భర్త జ్వరం వచ్చి పోయాక, పది సెంట్ల మెరక మట్టిలో తోటకూర, గోంగూర, బెండ వేసుకుని, పొద్దున్నే కోసి, పెదరేవు సంతలో అమ్ముకునేది. తల్లి బుట్టతో, కూతురు పుస్తకాల సంచితో ఒకే పడవ ఎక్కేవారు. తాను ఎక్కలేని మెట్లు కూతురు ఎక్కాలని మరిడమ్మ కోరిక. పెద్ద కోరికేమీ కాదు. ఆరోగ్య కేంద్రంలో తెల్లకోటు వేసుకుని మందు చీటీ చదివి ఇచ్చే అమ్మాయిని చూసి, మాణిక్యం అలా అయితే చాలనుకునేది.

ఏటా ఉగాదికి పంచాయతీవాళ్ళు రేవును వేలం పాటకు పెట్టేవారు. ఎక్కువ పాడినవాడికి ఏడాదిపాటు చార్జీలు వసూలు చేసుకునే హక్కు దక్కేది. వెనకటి పాటదారు ఇంటికింతని పంటల మీద తీసుకుని, ఏడాది పొడుగునా తిప్పేవాడు. పిల్లల్ని లెక్కలో వేసుకునేవాడు కాదు. ఆ ఏడు కోటిలింగం హెచ్చు పాట పాడి రేవు దక్కించుకున్నాడు. మర్నాడే పద్ధతి మార్చాడు. మనిషికి పోయేటప్పుడు పది, వచ్చేటప్పుడు పది. పిల్లల సంగతేమిటని అడిగితే, రేవులో పడవ కట్టే రాటకు నాలుగడుగుల ఎత్తున ఎర్రరంగుతో గీత గీశాడు. గీతకు లోపల తల ఉంటే ఊరికే ఎక్కవచ్చు. గీత దాటితే పెద్దవాళ్ళతో సమానం.

"నేనెవరికీ అన్యాయం చేయను. నా కడుపున పుట్టిన బిడ్డకైనా ఇదే గీత" అన్నాడు కోటిలింగం. అతను అబద్ధం చెప్పలేదు. తూనికలో మోసం చేసేవాడు కాదు. ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టినవాడు కాదు. అందుకే తన మనసు తెల్లగా ఉందనుకునేవాడు. గీత తిన్నగా ఉంటే మనసు కూడా తిన్నగా ఉన్నట్టేనని అనుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. కోటిలింగం వాళ్ళలో ఒకడు.

ఎదిగిన పిల్లలు పదిమంది మొదటి వారంలోనే బడి మానేశారు. లంక చివర ఇటుక బట్టీ ఉంది. అక్కడ ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకల్ని తిప్పి పెట్టడానికి చిన్న చేతులు కావాలి. ఆ పదిమందీ అక్కడ చేరారు. మిగిలినవాళ్ళు గీతకు లోపల ఉండటం నేర్చుకున్నారు. రాట దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళు కొంచెం వంచేవారు. మెడ భుజాల్లోకి లాక్కునేవారు. పడవ ఎక్కాక కూడా అలాగే కూర్చునేవారు. బడిలో కూడా అలాగే నడిచేవారు. లంక పిల్లల్ని నడకను బట్టి గుర్తుపట్టవచ్చని పెదరేవు పిల్లలు నవ్వేవారు.

నడక ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. తల్లులకు ఇంకో ఆలోచన వచ్చింది. అది ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదు. అయినా అన్ని ఇళ్ళలోనూ ఒకే కాలంలో వచ్చింది. సాయంత్రం కంచంలో ముద్దలు తగ్గాయి.

"ఇంకో ముద్ద పెట్టమ్మా" అంది మాణిక్యం.

"చాలు. గీత గుర్తులేదా?"

"నాకు గుర్తుందమ్మా. కడుపుకే గుర్తుండటం లేదు."

మరిడమ్మ నవ్వలేదు. అన్నం గిన్నె మూత పెట్టి, ఉట్టి మీద పెట్టింది. అవతలికి తిరిగి నిలబడింది. పిల్ల ఎదగాలని మొక్కుకునే తల్లి, పిల్ల ఎదగకూడదని మొక్కుకుంది. మాణిక్యం మాత్రం ఆకలిని ఆటలా తీసుకుంది. పడుకునే ముందు కళ్ళు మూసుకుని, తాను చిన్నదై, ఇంకా చిన్నదై, పిత్తపరిగె అంత అయిపోయినట్టు ఊహించుకునేది. అప్పుడు పడవ అక్కర్లేదు. నీళ్ళలో ఈదుకుంటూ పోయి, బడి మెట్ల దగ్గర తేలి, మళ్ళీ పిల్లగా మారి, తరగతిలో కూర్చోవచ్చు. ఆ ఊహలోనే నిద్రపోయేది.

ఒక ఏడాది గడిచింది. రెండో ఏడు కూడా కోటిలింగమే రేవు పాడుకున్నాడు. అతనికి ఒక అనుమానం తగులుకుంది. ఏడాదిలో ఒక్క పిల్ల కూడా కొత్తగా గీత దాటలేదు.

"ఈ మట్టిలో బెండకాయ రాత్రికి రాత్రే జానెడు పెరుగుతుంది. పిల్లలు ఏడాదికి వేలెడు పెరగరా?" అని రేవులో నలుగురి ముందూ అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఒక చెక్క తెచ్చాడు. పిల్లల్ని ఒక్కొక్కరినే రాటకు ఆనించి నిలబెట్టాడు. మడమలు ఆనాలన్నాడు. మోకాళ్ళు చాపాలన్నాడు. తల మీద చెక్క అడ్డంగా పెట్టి, గీతతో సరిచూశాడు. ఏడాదిగా వంగిన పిల్లలకు నిటారుగా నిలబడటం చేతకాలేదు. కొందరు తూలారు. ఆ ఒక్క పొద్దుటే పదిహేనుమంది గీత దాటినట్టు తేలింది. మాణిక్యం దాటింది వేలెడు.

"వేలెడే కదండీ" అంది మరిడమ్మ.

"వేలెడైనా దాటింది దాటిందే. ఇవాళ వేలెడు వదిలితే రేపు జానెడు వదలమంటారు."

మరిడమ్మ నాలుగు రోజులు ఇద్దరి చార్జీ కట్టింది. బుట్టెడు ఆకుకూర అమ్మితే మిగిలేదాంట్లో ఇద్దరి రాకపోకలకే సగం పోయింది. అయిదో రోజు ఇంట్లో నూనె లేదు. ఆరో రోజు మాణిక్యం తనంతట తానే, ఇవాళ బడికి వెళ్ళనమ్మా అని చెప్పింది. తల్లి బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక్కతే రేవుకు నడిచింది. ఏమన్నా అబద్ధమే అవుతుంది. ఆ వారమే మాణిక్యం బట్టీలో చేరింది.

పడవ నడిపేది సింహాద్రి అనే పెద్దాయన. పాటదారులు మారినా అతను మారలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ రేవులో గెడ వేస్తున్నాడు. కోటిలింగం రేవు పాడకముందు పొద్దుటి పడవలో ముప్ఫై నలుగురు పిల్లలుండేవారు. ఇప్పుడు తొమ్మండుగురు. పెద్దవాళ్ళు కూడా సగమయ్యారు. ఊరికే చుట్టాన్ని చూడటానికి, కాస్త ఒళ్ళు వెచ్చబడితే మందుకు, పావుసేరు ఉప్పుకు ఇప్పుడు ఎవరూ అవతలికి పోవడం లేదు. మంచులోంచి వచ్చే ఎక్కాలు సన్నబడ్డాయి. మొదలుపెట్టే మాణిక్యం లేదు. పిల్లలు మూడోదానికే తడబడి ఆగిపోయేవారు. పాదుల్లో ఆడవాళ్ళకు పడవ ఎక్కడిదాకా వెళ్ళిందో తెలిసేది కాదు.

తేలిక పడవను నడపడం కష్టం. నీటిలో దిగని పడవ గాలి ఎటు కొడితే అటు తిరుగుతుంది. ఒకరోజు నడిమేట్లో పడమటి గాలికి పడవ గిర్రున తిరిగి, ఒక ముసలామె నీళ్ళలో పడబోయింది. ఆ సాయంత్రం సింహాద్రి రేవులో ఇసుక తోడి, గోనె సంచుల్లో నింపి, మూతులు కట్టి, బల్లల మీద వరుసగా పెట్టాడు. పాతిక బస్తాలు పట్టాయి. సరిగ్గా పిల్లలు కూర్చునే చోట్లే పెట్టాల్సి వచ్చింది. పడవ బరువు పట్టాల్సింది అక్కడే.

కోటిలింగం చూసి, ఇవేమిటని అడిగాడు. సింహాద్రి సంగతి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు.

"ఒక మాట అడగనా బాబుగారూ? ఇసుకకు చార్జీ ఎవరు కడుతున్నారండి?"

"ఇసుకకు చార్జీ ఏమిటి?"

"అదేనండి. పాతిక బస్తాలు పొద్దున్న పోతున్నాయి, సాయంత్రం వస్తున్నాయి. ఊరికే తిప్పుతున్నాం. బస్తా దింపి ఆ చోట పిల్లను ఎక్కిస్తే నా గెడకు బరువేమీ పెరగదు. పడవకూ అదే కావాలి. పిల్లలైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మొయ్యక్కర్లేదు కూడానండి."

కోటిలింగం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఈ కథంతటిలో అతనికి దారి తెరుచుకున్నది ఆ క్షణంలోనే. ఊ అన్నా సరిపోయేది. పైసా పోయేది కాదు.

"ఇసుక మాట్లాడదు సింహాద్రీ. నన్ను ఊరికే ఎక్కించారని ఇంకొకడికి చెప్పదు. పిల్ల చెబుతుంది. ఇవాళ పిల్లలు ఊరికే ఎక్కితే, రేపు తల్లులు బేరమాడతారు" అన్నాడు.

సింహాద్రి గెడ తీసుకుని పడవెక్కాడు.

మర్నాడు మంచు ముసిరింది. లంక చివర బట్టీ దగ్గర మాణిక్యం ఇటుకలు తిప్పుతోంది. తల ఎత్తేసరికి పడవ పాలల్లో తేలుతున్నట్టు మెల్లగా పోతోంది. బల్లల మీద తలలు వంచుకుని, ఒకరి పక్కన ఒకరు, పిల్లలు కూర్చుని ఉన్నారు. అందరూ వెళ్ళిపోతున్నారు, తానొక్కతే ఉండిపోయిందనుకుంది. పడవ కాస్త దగ్గరికి వచ్చాక అవి బస్తాలని తెలిసింది. తెలిసినా కళ్ళు తిప్పుకోలేకపోయింది. ఆ బస్తాలు అవతలి ఒడ్డున దిగుతాయి. వరసగా బడికి నడుస్తాయి. బల్లల మీద కూర్చుంటాయి. విమలా టీచరు పేర్లు పిలుస్తుంది. ఆ ఊహ ఎంత వద్దనుకున్నా పోలేదు. సాయంత్రం పడవ రేవుకు రాగానే పరుగెత్తుకు వెళ్ళి సింహాద్రిని అడిగింది.

"తాతా, నా చోట కూర్చున్న బస్తా పేరేమిటి?"

"బస్తాకు పేరేమిటమ్మా?"

"పేరు లేకపోతే హాజరు ఎలా వేస్తారు?"

సింహాద్రి గెడ కింద పెట్టాడు. మనవరాలి వయసు పిల్ల. దాని జుట్టు నిండా ఇటుక దుమ్ము. తలపాగా విప్పి దాని తల దులిపి, ఇంటికి పొమ్మన్నాడు.

సంక్రాంతి వెళ్ళి చలి తగ్గింది. ఒక మధ్యాహ్నం కోటిలింగం వసూలు చూసుకోవడానికి పడవలో పెదరేవు బయలుదేరాడు. పడవలో ఇంకెవరూ లేరు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలి గోరువెచ్చగా ఉంది. గెడ నీళ్ళలో దిగే చప్పుడు జోలపాటలా ఉంది. అతనికి కునుకు పట్టింది. కలలో బస్తాలు మెల్లగా నిటారుగా అయ్యాయి. మూతి దగ్గర కట్టిన తాళ్ళు జడలయ్యాయి. ఒక బస్తా ఎక్కం మొదలుపెట్టింది. మిగతావి అందుకున్నాయి. ఇసుక రాలుతున్నట్టు ఉన్నాయి ఆ గొంతులు. ఏడోదాకా వచ్చి ఆగాయి. ముందు వరసలో బస్తా అతని వైపు తిరిగింది. ముఖం లేదు. "మమ్మల్ని ఎక్కడ దింపుతావు?" అని అడిగింది. ఒడ్డు కోసం చూశాడు. రెండు వైపులా ఒడ్డు లేదు.

ఉలిక్కిపడి లేచాడు. బస్తాలు కదలకుండా కూర్చుని ఉన్నాయి.

కల వచ్చినప్పుడు మనిషి చేయాల్సింది తన పనిని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం. కోటిలింగం అది చేయలేదు. "బస్తాల మూతులు ఇంకాస్త బిగించి కట్టు. ఇసుక రాలుతోంది" అని సింహాద్రికి చెప్పాడు.

బట్టీలో మాణిక్యానికి దగ్గు పట్టుకుంది. మందుకు పెదరేవు పోవాలి. ఇద్దరికీ నలభై రూపాయలు. ఒకసారి పోయి వచ్చారు. రెండోసారి పోవాల్సిన రోజున మరిడమ్మ పొద్దున్నే లేచి, పొయ్యిలో బూడిద ఎత్తి పోసి, ఇల్లు ఊడ్చింది. గిన్నెలు ఒక మూట, బట్టలు ఒక మూట కట్టి, తలుపు గొళ్ళెం పెట్టింది. పది సెంట్ల నేలలో ఆకు కోతకు వచ్చి ఉంది. కొయ్యలేదు. రేవుకు వచ్చి, ఇద్దరికి ఇరవై రూపాయలు కోటిలింగం చేతిలో పెట్టింది.

"తిరుగు చార్జీ కూడా ఇప్పుడే ఇస్తే చిల్లర బాధ ఉండదు కదా" అన్నాడు కోటిలింగం.

"తిరిగి రావడం లేదండి" అంది మరిడమ్మ.

అతనికి ఆ మాట చెవిన పడింది గాని మనసున పడలేదు.

మరిడమ్మ పెదరేవులో కాలువ గట్టున తాటాకులు కప్పుకుని ఉంటోందనీ, పిల్ల నడిచి బడికి పోతోందనీ లంకలో తెలిసింది. ఆ తర్వాత వారానికి నాలుగు కుటుంబాలు, తర్వాత పది, తర్వాత ఇరవై. ఉగాదికి ముందు నెలలో పడవ మనుషులతో నిండిపోయింది. మంచాలు, కోళ్ళ గంపలు, తిరగళ్ళు, మేకపిల్లలు. సింహాద్రి ఇసుక బస్తాలన్నీ దింపేయాల్సి వచ్చింది. కోటిలింగానికి ఏనాడూ రాని వసూలు వచ్చింది. చార్జీ ఎక్కువైతే జనం ఎక్కరన్నవాళ్ళు ఇప్పుడు వచ్చి చూడాలని అందరితో చెప్పుకున్నాడు.

"అవతలికి పోతున్నారండి. ఇవతలికి ఎవరూ రావడం లేదు" అన్నాడు సింహాద్రి.

"పోయేవాళ్ళు ఇస్తున్నారు కదా" అన్నాడు కోటిలింగం.

ఆ ఒక్క నెల వసూలు చూసుకుని అతను ఉగాది పాటలో రెట్టింపు పాడాడు. ఏడాదికి కాదు, మూడేళ్ళకు పాడాడు. హామీగా మూడెకరాల కొబ్బరి తోట రాసిచ్చి, బయానాకు ఇంటి మీద అప్పు తెచ్చాడు. తనకు పోటీ పాడేవాడు లేడని గర్వపడ్డాడు. ఎందుకు లేడో ఆలోచించలేదు.

వానాకాలం వచ్చేసరికి గువ్వల్లంకలో పాతిక గడప మిగిలింది. ఆ మిగిలినవాళ్ళు కూడా కాలు కదపలేని ముసలివాళ్ళు. చిన్న చేతులు లేక ఇటుక బట్టీ ఆరిపోయింది. పాదుల్లో తుంగ లేచింది. గోంగూర మడుల్లో పాములు తిరిగాయి. సింహాద్రి ఎప్పటిలాగే పొద్దున్నే గెడ పట్టుకుని నిలబడేవాడు. మళ్ళీ బస్తాలు ఎక్కించుకుని, ఒక్క మనిషి లేకుండా పోయి, ఒక్క మనిషి లేకుండా వచ్చేవాడు. వాన జల్లులో పడవ అటూ ఇటూ పోవడం చూస్తే, ఎవరో ఎప్పుడో మరిచిపోయిన పని అది తనకు తానే చేసుకుంటున్నట్టు ఉండేది. కోటిలింగం రేవులో గొడుగు వేసుకుని కూర్చునేవాడు. చార్జీ అయిదు చేశాడు. రెండు చేశాడు. అరిచి చెప్పాడు. వినడానికి ఊరు లేదు. ఊరున్నప్పుడు రెండు రూపాయలంటే పడవ నిండిపోయేది. ఊరు లేచిపోయాక ఊరికే అన్నా ఎక్కేవాడుండడు.

మొదటి వాయిదా ఇంట్లో ఉన్నది అమ్మి కట్టాడు. రెండోది కట్టలేకపోయాడు. పంచాయతీవాళ్ళు కొబ్బరి తోట వేలం వేశారు. పడవ తీసుకున్నారు. పాట రద్దు చేశారు. రేవును మళ్ళీ పాటకు పెడితే ఒక్కడూ నోరు విప్పలేదు. అప్పుడు సింహాద్రి లేచాడు. తన దగ్గర పాడటానికి డబ్బు లేదన్నాడు. పడవ తన చేతికి ఇస్తే, ఇంటికి నెలకు ఇంతని పెద్దవాళ్ళ దగ్గర తీసుకుంటాననీ, ఆ నెలలో ఎన్నిసార్లు తిరిగినా అదేననీ, అందులో పంచాయతీకి పావు వాటా కడతాననీ చెప్పాడు. పిల్లల సంగతేమిటని సర్పంచి అడిగాడు.

"పిల్లలు లేకపోతే నేను ఇసుక ఎక్కించుకోవాలండి. ఆ బరువేదో వాళ్ళనే ఎక్కించుకుంటాను" అన్నాడు సింహాద్రి.

వేరే దారి లేక పంచాయతీ ఒప్పుకుంది. వాగులకు నీరు చేరినట్టు జనం మెల్లగా తిరిగి వచ్చారు. మరిడమ్మ కూడా వచ్చింది. కాలువ గట్టున ఉన్నన్నాళ్ళూ ఆమె నాలుగిళ్ళలో అంట్లు తోమింది. మాణిక్యం బడి వదిలాక హోటలుకు బిందెలతో నీళ్ళు మోసింది. ఇప్పుడు తల్లి మళ్ళీ మడులు తవ్వింది. ఒక బుట్ట కాదు, రెండు బుట్టలు సంతకు తీసుకుపోయింది. పోయిరావడానికి భయం లేదు గనక, మిగిలింది మిగిలినట్టు ఇంటికి వచ్చేది. మాణిక్యం కంచంలో ముద్దలు ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఆ ఏడాది లంక పిల్లలందరూ ఒక్కసారిగా ఎదిగారు. వాన పడ్డాక చెరుకు లేచినట్టు లేచారు. గౌన్లు మోకాళ్ళ పైకి పోయాయి. నిక్కర్లు బిగుసుకున్నాయి. మాణిక్యం జానెడు పెరిగింది. నిటారుగా నడవడం నేర్చుకోవడానికి మాత్రం నెలలు పట్టింది. పోయిన చదువు తిరిగి రాలేదు. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుని అదే తరగతి మళ్ళీ చదివింది. సిగ్గుపడకుండా చదివింది.

కోటిలింగానికి ఇల్లు కూడా నిలవలేదు. పాట కోసం తెచ్చిన అప్పుకు అది పోయింది. పెదరేవులో బియ్యం మిల్లు దగ్గర కాపలా పని ఇస్తామన్నారు. ఒక పొద్దున రేకు పెట్టె భుజాన పెట్టుకుని రేవుకు వచ్చాడు. పడవ నిండా పిల్లలు. ఎక్కడానికి చోటు చూసుకున్నాడు. ఒక పిల్ల జరిగి చోటిచ్చింది. ఒకప్పుడు వేలెడు ఎత్తుకు తాను దింపేసిన మాణిక్యమని అతను పోల్చుకోలేదు. అంత పెరిగింది. కూర్చుని, మడత పెట్టిన పది రూపాయల కాగితం జేబులోంచి తీసి, సింహాద్రి వైపు చాచాడు.

సింహాద్రి అందుకోలేదు.

"తీసుకో. ఊరికే ఎక్కే అలవాటు నాకు లేదు" అన్నాడు కోటిలింగం.

"ఉంచుకోండి బాబుగారూ. ఈ పడవలో పిల్లలకూ, ఏమీ లేనివాళ్ళకూ చార్జీ లేదండి."

సింహాద్రి ఎగతాళికి అనలేదు. అందరితో చెప్పే మాటే అతనితోనూ చెప్పాడు. అందుకే అది అంత లోతుగా దిగింది. కోటిలింగం కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అవతలి ఒడ్డు చేరేదాకా అతను తల ఎత్తలేదు.

మూడెకరాల తోట, ఉన్న ఇల్లు, ఏలిన రేవు, చివరికి చార్జీ ఇచ్చుకోగల మనిషినన్న గౌరవం: వేలెడు ఎత్తుకు కోటిలింగం కట్టిన వెల అది. పిల్లలు నడిచే దారికి ఖరీదు కట్టినవాడు వాళ్ళ అన్నాన్నీ చదువునూ మాత్రమే కాదు, తన ఊరినీ పోగొట్టుకుంటాడు. పేదపిల్లకు దారి చౌకగా దొరికిన చోటే ఊరు బతుకుతుంది.